సర్వర్లో రాయని రెండు లైన్లు

రెండంటే రెండు లైన్లండీ. అవి రాసిపెట్టడానికి మీకేం పోయింది? ఫొటోలోంచి అలా నవ్వితే సరిపోదు. ఇవాళ నాకు జవాబు కావాలి.

మీరు పోయాక నందిగామ పత్తి జిన్నింగ్ మిల్లువాళ్ళు వాళ్ళ సర్వర్ని నన్నే చూసుకోమన్నారు. బళ్ళో పిల్లలకి కంప్యూటర్ చెప్పుకునేదాన్ని, కాదనలేకపోయా. మీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూళ్ళేదూ?

దాని సంగతి మీకు తెలీందేముంది. కాటా లెక్కలుండే డేటాబేసూ అందులోనే, గేటు కెమెరాల రికార్డింగూ అందులోనే. మెమరీ చాలకపోతే ఎక్కువ తినే ప్రోగ్రాంని సర్వరే చంపేస్తుంది. ఎక్కువ తినేది డేటాబేసేగా. అది పోతే కాటా చీటీ రాదు. చీటీ లేందే పత్తి దించనివ్వరు. బయటేమో రైతులు ట్రాక్టర్లతో పడిగాపులు.

అందుకే దీన్ని మాత్రం చంపొద్దనీ, దీనికి కావల్సినన్ని ఫైళ్ళు తెరవనిమ్మనీ మీరు చేత్తో టైపు చేసేవారు. కరెంటు పోయొచ్చిందంటే అదంతా మర్చిపోయేది. కాటా దగ్గరుండే దిలీప్ మీకు ఫోన్ చేసేవాడు. అన్నం ముందు నుంచి లేచి, మన పేట నుంచి నందిగామ దాకా బండేసుకుని పోయేవారు. ఆ రోజు వేదాద్రి గుడి మెట్ల మీద నన్నూ, కొబ్బరికాయనీ వదిలేసి పోలేదూ?

ఆఖరిసారీ అంతే. చిల్లకల్లు దాటాక వెనక నుంచి లారీ... సరే, అదొద్దు.

తీరా నేను కూర్చుని చూస్తే ఏముందండీ? అవే రెండు మాటలు సెట్టింగుల ఫైల్లో రాస్తే చాలు. ఎన్నిసార్లు కరెంటు పోయినా మళ్ళీ లేవగానే అదే చదువుకుంటుంది. మీకు తెలీక కాదు. మిగతావన్నీ ఫైళ్ళలో రాశారు, ఇవే వదిలేశారు.

ముందు ఒళ్ళు మండిపోయింది. తర్వాత మీ బెజవాడ ఆఫీసు గుర్తొచ్చింది. అక్కడ అన్నీ చక్కగా నడిచేలా చేసిపెట్టారు. "అంతా బానే నడుస్తోందిగా భాస్కర్, ఇంక నువ్వెందుకు?" అన్నారు మిమ్మల్ని. ఆ రోజు ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా అలాగే కూర్చుండిపోయారు. ఆ భయం ఇంకా ఉందని నాతో ఒక్క మాట అంటే ఏమయ్యేది? మిమ్మల్ని రోడ్డు మీదకి పోనిచ్చేదాన్నా?

రాసేశా. ఏడుస్తూనే రాశా. ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూశా. తనంతట తనే లేచి చీటీలిచ్చేసింది. దిలీప్ ఎంత సంబరపడ్డాడో.

అప్పట్నుంచీ మీ ఫోన్ మోగట్లేదండీ. ఛార్జింగ్ పెడుతూనే ఉన్నా. అంతకుముందు దిలీప్ ఎప్పుడు చేసినా అలవాటు కొద్దీ "సార్, సర్వర్ పడుకుంది" అనేవాడు. వెంటనే నాలిక కరుచుకుని "అమ్మా" అనేవాడు. ఆ కాస్సేపూ మీరు పక్క గదిలో ఉన్నట్టే ఉండేది, నేను ఫోన్ పట్టుకెళ్ళి ఇవ్వడమే తరవాయి అన్నట్టు.

కోప్పడకండి. పొద్దున మిల్లుకెళ్ళి ఆ రెండు లైన్లూ తీసేసొచ్చా.

నడుస్తున్నంతసేపు ఏం కాదు, కరెంటు పోతేనే. తుపాను గాలి మొదలైంది. మిల్లు గేటు బయట పత్తి ట్రాక్టర్లున్నాయి, పొద్దున చూసే వచ్చా. చెయ్యకూడని పనని నాకూ తెలుసు.

మీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా.