ఎర్రాయమ్మ సొంతింటి ట్రైనింగు

ఎర్రాయమ్మని, సేపలమ్మేది, అదే, మొగుడు పోయినా అత్తని తనకాడే ఎట్టుకుని సాకినాది సూడండి, ఆవిడకి గవర్నమెంటోళ్లు కట్టిన కాలనీలో సొంతిల్లు వచ్చినాదంట. వచ్చినాదంటే ఏటి, గోడలు లేసినాయి, తలుపులు బిగించినారు, తాళం మాత్రం ఆపీసోళ్ల కాడే. ముందు ట్రైనింగు అవ్వాలంట. సొంతింట్లో ఎలాగుండాలో నేర్పుతారంట. నవ్వకండి, నిజిం. పుట్టిన కాడినుంచి అద్దెకొంపల్లో ఉన్నోళ్లకి ఇల్లంటే ఏటి తెలుస్తాదని ఏ పెద్దబుర్రకో తోచినాదనుకోండి.

ఇక్కడ ఈవిడకేమో ఒకటే తొందర. ఏటైందంటే, అత్త అసిరమ్మ నేడో రేపో అన్నట్టున్నాది. అద్దింటి ఓనరు గుమ్మంలో నిలబడి, ఇదిగో ఎర్రాయమ్మా, ముసల్దాన్ని ముందే బయటకి దింపీ, నా ఇంట్లో పీనుగ లేస్తే రేపు ఎవలు అద్దెకొస్తారు అన్నాడు. ఆడి నోట్లో మన్ను పడ. మనకి తెలిసిందే కదా, అద్దెకున్నోడు సచ్చినా రోడ్డు మీదే సావాలి. ఈవిడ మొగుణ్ణి అలాగే కాలవ పక్కన టార్పాలిను కింద పడుకోబెట్టినారు, పైన వాన. అత్తకి ఆ గతి పట్టకూడదని ఎర్రాయమ్మ పంతం.

ట్రైనింగుకి ఎల్లినాది. ఇస్త్రీ చొక్కా బాబొకడు మైకు అట్టుకుని, గోడలకి మేకులు కొట్టకండి, మెట్ల మీద ఉమ్మకండి, కోళ్లని పెంచకండి, సొంతిల్లంటే గౌరవం అని సెప్తన్నాడంట. ఈవిడ లేసి, బాబూ, మా అత్త నా ఇంట్లో సావొచ్చా అని అడిగినాది. ఆడు మొహం మాడ్చుకుని, శుభమా అని ఇల్లిస్తుంటే ఇవేం మాటలమ్మా, కూర్చో, ట్రైనింగు పూర్తయ్యాకే తాళం అన్నాడు.

మర్నాడు ఏటి సేసినాదో తెలుసా, ముసల్దాన్ని మంచంతో సహా ఆటో ఎక్కించుకొచ్చి, ఆడి మైకు ముందరే దించీసినాది. ఈవిణ్ణి ఒదిలి రాలేను, నీ పాఠం నువ్వు సెప్పు బాబూ అన్నాది. ముసల్ది ఎగూపిరి తీస్తన్నాది. బాబుకి సెమట్లు పట్టీసినాయి. ఇక్కడ పోతే నా ఉద్యోగం పోద్దని గొణుక్కుంటా తాళం ఈవిడ సేతిలో ఎట్టీసి, తీసుకుపో తల్లీ, తొందరగా తీసుకుపో అన్నాడంట. ఆ ఓనరుకీ ఈడికీ తేడా ఏటో మీరే సెప్పండి. ఇస్త్రీ చొక్కా ఒకటే తేడా.

కొత్తింట్లో సాపేసి పడుకోబెట్టినారు. అసిరమ్మ కళ్లు తెరిసి, ఇదెవలిదే అన్నాది. మనదే అత్తా అన్నాది ఈవిడ. మనదైతే ఆ తలుపేసీ అన్నాది ముసల్ది. సాయంత్రానికి ఎల్లిపోనాది.

కబురు తెలిసి బాబు పరిగెత్తుకొచ్చినాడు. మంత్రిగారింకా రిబ్బను కత్తిరించలేదు, శవాన్ని బయట పెట్టండి అని గుమ్మంలో అరుస్తన్నాడు. ఎర్రాయమ్మ ఏడుపు ఆపి, ఇది నా ఇల్లు బాబూ, సెప్పులిప్పి లోపలికి రా, నేదా ఎల్లిపో అన్నాది. ఆడు సెప్పులిప్పనూ నేదు, లోపలికి రానూ నేదు, వచ్చినోడు వచ్చినట్టే ఎల్లిపోనాడు. అసిరమ్మ తనింట్లోనుంచే పాడె ఎక్కినాది.

అయిపోనాది, లేవండి. మీలో ఇళ్లు అద్దెకిచ్చినోళ్లున్నారు కదా, ఆళ్లు మొహాలు దించుకుని ఎళ్లండి.