సుల్తాను పడగ్గది తివాచీ

గోర్దెస్ ఊరి టీకొట్టులో పొద్దు వాలేసరికి అందరికీ ఇల్లు గుర్తొస్తుంది, బెద్రీకి తప్ప. భార్య మెలాహత్ పోయినప్పటి నుంచి ఆయనింట్లో పొయ్యి సరిగ్గా వెలగట్లేదు. అందుకే ఎవరైనా లేవబోతే చాలు, ఒక కథ ఎత్తుకుంటాడు. ఆ రోజు చంకలో ఒక పాత నమాజు తివాచీ కూడా పెట్టుకొచ్చాడు.

"కూర్చోండ్రా! ఇదెక్కడ దొరికిందో తెలుసా? కొండవతల ఒక ముసలాడు గాడిద మీద పరుచుకున్నాడు. పాత తివాచీల కోసం ఊళ్ళు పట్టి తిరిగినవాణ్ణి కదా, చూడగానే పసిగట్టేశా. కొత్త దుప్పటి ఒకటి ఇచ్చి మార్చుకున్నా."

"అంతేనా?" అంటూ టీకొట్టు ఇహ్సాన్ గ్లాసులు కడగడం మొదలెట్టాడు.

"అంతేనా ఏంట్రా? ఇంటికి తెచ్చి దులిపితే సుల్తాను గారి పడగ్గది అత్తరు గుప్పుమంది! ముడులు ఎంత సన్నమంటే, చీమ కాలు ఇరుక్కుంటే కత్తెర పెట్టి విడిపించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంచు మీది పూలకి తేనెటీగలు మూగాయి. ఆ ఏడు నేను తేనె కొంటే ఒట్టు!"

"తివాచీని పిండుకున్నావా బాబాయ్?" అన్నారెవరో.

అందరూ నవ్వారు. ఇద్దరు టోపీలు పెట్టుకుని లేచారు. బెద్రీ గొంతు పెంచాడు.

"ఆగండాగండి, అసలుది వినండి! మధ్యలో దీపం నేశారు చూశారా? కరెంటు పోయినప్పుడు అది వెలిగింది. ఆ వెలుగుకి తెల్లారిందనుకుని కోళ్ళు కూశాయి, ఇమాం గారు అజాన్ ఇచ్చేశారు, జనం నమాజు చేసుకుని పొలాలకెళ్ళి దున్నేసి వచ్చేశారు, పాపం సూర్యుడు వచ్చి చూస్తే తనతో ఎవరికీ పనే లేదు, సిగ్గుపడి మళ్ళీ కొండ వెనక్కి..."

పక్కింటి నుస్రెత్ వంగి తివాచీని అరచేత్తో తడుముతున్నాడు. ఒకచోట చెయ్యి ఆగింది.

"బాబాయ్, ఇక్కడ ఎరుపు వెలిసినట్టు లేదూ? పిన్ని రంగు వేసుకున్న ఉన్ని ఇక్కడికి అయిపోయింది. మిగతాదానికి మా అమ్మనడిగి పట్టుకెళ్ళింది. మగ్గం మీ నడవలోనే ఉండేదిగా. మధ్యలో సుల్తాను ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. లేచినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచారు. నుస్రెత్ కూడా కోటు తీసుకున్నాడు.

ఆ రంగు తేడాని బెద్రీ ఎన్నోసార్లు చూశాడు. ఎందుకొచ్చిందో మాత్రం తెలీదు. మెలాహత్ అది నేసిన చలికాలమంతా ఆయన పరాయి ఊళ్ళలో, పరాయి ఆడవాళ్ళు నేసిన తివాచీల కోసం తిరుగుతున్నాడు.

"నుస్రెత్," అన్నాడు మెల్లగా. "ఉన్నికని మీ ఇంటికొచ్చింది కదా. కాసేపు కూర్చుందా? మీ అమ్మతో ఏమంది? నవ్విందా?"

"ఎప్పటి సంగతి బాబాయ్! నేను చిన్నవాణ్ణి, ఉన్ని తప్ప ఇంకేం గుర్తులేదు."

బెద్రీ బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"గుర్తులేకపోతే కోతలైనా కొయ్యరా. నేను నమ్ముతా."