ఆయన్నే చెప్పనివ్వండి

ఇంక ఆ నవ్య డాక్టరమ్మ దగ్గరికి నేను రానండీ. ఈసారి మీరొక్కరే ఆటో ఎక్కి వెళ్ళండి. ఆ పిల్లకి కావలసింది కూడా అదేగా.

నావైపు అలా చూడకండి. ఇన్నేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో చాకిరీ చేసినదాన్ని. పేషెంటు మొహం చూసి జ్వరం ఎంతుందో చెప్పేదాన్ని. నన్ను పట్టుకుని, "ఆంటీ, జరా చుప్ రహియే, నేను అంకుల్‌ని అడుగుతున్నా" అని నోరు మూసుకోమంటుందా? తలుపు తీసే ఉంది. పండరీ బట్టల కొట్లవాళ్ళు, ధర్సీవా ఫ్యాక్టరీలవాళ్ళు, బయట కూర్చున్నవాళ్ళందరూ విన్నారు.

అసలు మొదటిసారి వెళ్ళిన ఆ రోజు అడిగిందేవిటి? మీ పేరు చెప్పండి అని. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషి పేరెలా చెప్తాడు? అందుకని నేనే చెప్పాను. దానియేలు గారు, రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు, మా సొంతూరు సామర్లకోట దగ్గర అని. షుగరుంది, మలబద్ధకముంది, రాత్రి ఒకసారి లేస్తారు, అన్నీ చెప్పాను. డాక్టరుకి పనికొచ్చేవే కదా.

ఆ పిల్ల లేచి నా కుర్చీ తీసుకెళ్ళి మీ వెనకాల వేసింది. నేను మీకు కనబడకూడదట. వెళ్ళి కూర్చున్నాను, ఏం చేస్తాను.

తర్వాత తన స్టూలు మీ మోకాళ్ళదాకా జరుపుకుని, గడియారం చూపించి, "యే క్యా హై, అంకుల్?" అంది. స్టేషన్ మాస్టర్లతో హిందీలో పోట్లాడిన మనిషి మీరు. ఒక్క ముక్క రాలేదు. ఆవిడేమో చూస్తూ కూర్చుంది. డాక్టర్లు అలా కూర్చోవడం నేనెక్కడా చూళ్ళేదు. బయట జనం గొణుగుతున్నా కదల్లేదు. నేను దగ్గాను. వేలెత్తి ఆగమంది.

పోనీ, మాట మళ్ళీ వస్తుందా అమ్మా అని అడిగితే, "కొంత రావచ్చు ఆంటీ. ఎంతో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పను" అంది. మన పక్కింటి మాలతి చెప్పిన ఆరంగ్ ఊరి వైద్యుడు నయం, వారంలో వచ్చేస్తుందన్నాడు. రాలేదనుకోండి. ఆ మాటన్నా అన్నాడు.

అందుకే ఇవాళ తేల్చుకుందామనే మీతో వచ్చాను. మిమ్మల్ని నడిపించడానికి పక్క గదిలోకి తీసుకెళ్ళారు చూడండి, అప్పుడు అడిగేశాను. "ఏమ్మా, నువ్వూ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు పిల్లవే కదా. కట్టుకున్నదాన్ని నోరు మూసుకోమంటావేం?"

కోపం రాలేదు ఆ పిల్లకి. మందులు ఎలా వేసుకోవాలో చెప్పినట్టే చెప్పింది.

వాళ్ళ నాన్న వీరేంద్ర గారట, సిగ్నళ్ళ పని చేసేవారట. ఈ పిల్ల స్కూల్లో చదువుకునేటప్పుడు ఆయనకి మెదడులో నరం చిట్లి మాట పోయింది. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా అందరూ వాళ్ళమ్మ గంగాభవానినే అడిగేవారు. తింటున్నాడా, నిద్రపోతున్నాడా, నొప్పెక్కడ అని. ఆవిడే అన్నీ చెప్పేది. ఆయన అస్తమానం చెంప మీద కొట్టుకుంటుంటే తలనొప్పి అని చెప్పింది. తలనొప్పి మాత్రలే ఇచ్చారు. చివరికి ఓ రోజు అన్నం తినిపిస్తుంటే ఈ పిల్లే చూసిందట, పన్ను కింద చీము.

"పన్ను తీయించాం ఆంటీ, నొప్పి పోయింది. కానీ అప్పటికే నాన్న చెప్పాలని చూడడం మానేశారు. ఆ తర్వాత ఎవరేమడిగినా గోడవైపు తిరిగిపోయేవారు. పోయేదాకా అంతే. మా అమ్మ చెడ్డది కాదు. ప్రేమతోనే చెప్పింది. తప్పు చెప్పింది."

వెళ్ళి మీ కుర్చీ వెనకాల కూర్చున్నాను. ఇవాళ ఎవరూ కూర్చోమనలేదు.

మిమ్మల్ని తీసుకొచ్చాక ఈసారి తెలుగులో అడిగింది. దాని తెలుగూ ఓ తెలుగే, సగం హిందీ. "బాబాయ్ గారూ, పొద్దున్నే మీకు చాయ్ పసందా?" అని. నిజం చెప్తున్నా, నోరు కట్టుకుందామనే అనుకున్నాను. "చాయ్ తాగరమ్మా, ఆయనకి రాగి జావంటే ప్రాణం" అని వచ్చేసింది.

అప్పుడు కదా మీరు బల్ల మీద చెయ్యేసి, "కాదు" అన్నారు.

ఆ పిల్ల నవ్వలేదు. నావైపు చూడనూ లేదు. "ఏది కాదు, బాబాయ్ గారూ?" అని కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో. మీ మెడ మీద నరాలు లేచాయి. నాకు వెనకనుంచి కనబడుతూనే ఉన్నాయి. "జా... జావ" అన్నారు.

జబ్బు చేశాక నోటినుంచి వచ్చిన మొదటి మాటలు. నా పేరు కాదు, ప్రభువు పేరూ కాదు. జావ వద్దని. సంతోషించాలో ఏడవాలో తెలీక ఆటోలో బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ దుప్పటి కప్పనా, కిటికీ మూయనా, రేడియో పెట్టనా అని చంపుతున్నానా? ఈ ఎండలో దుప్పటేవిటి, దీనికి మతి పోయింది అనుకుంటున్నారు. మతి బాగానే ఉంది. మీరు కాదంటారని తెలిసే అడుగుతున్నాను. గొంతు విందామని.

సరే, ఇంక విసిగించను. రాత్రికి ఏం కూర చెయ్యమంటారు?

ఊహూ, వేలు చూపించకండి. నేను మాట అందివ్వను. మెల్లిగానే చెప్పండి, ఇక్కడే కూర్చుంటాను.