గడీ ముందల సైకిల్

"అవ్వా, నీ చిన్నప్పుడు మీ ఇంట్ల సైకిల్ ఉండెనా? రేపు మా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల చిన్నప్పటి సైకిల్ మీద మాట్లాడాలె. నాకేమో నోరే లేస్తలేదు."

సైకిల్ మీద మాట్లాడాలెనా? మేం నిజంగనే సైకిల్ ఎక్కి ఇంగ్లీషు మాట్లాడినం తెలుసా? నవ్వకే. నేను, మా బాపు. ఆ రికార్డు చేసే ఫోను జర దూరం వెట్టు, ముక్కు మీదికి తెచ్చినవ్. గట్లైతే నాకు మాట రాదు.

మా ఊరు నల్లగొండకు ఇవతల, హాలియా పోయే తొవ్వల. అప్పుడు నైజాం సర్కారు. ఊర్ల రెండే సైకిళ్లు. ఒకటి దొర కొడుకుది, ఇంకోటి మా బాపు తొక్కేది. అది గూడ మాది కాదు, దవాఖానది. మనకెక్కడిదే సైకిల్, ఆ పైసలకు కాడెద్దు వచ్చేది. నల్లగొండల ఒక తెల్లదొరసాని దవాఖాన నడుపుతుండె, డాక్టరమ్మ అంటుంటిమి. బాపు ఆడ నీళ్లు మోసేటోడు, పుండ్లకు కట్టే గుడ్డలు ఉడకవెట్టేటోడు. పొద్దుగాల జల్ది రావాలెనని ఆమెనే సైకిల్ ఇప్పిచ్చింది. దవాఖాన పక్కనే బడి. నన్ను రోజు ముందర కడ్డీ మీద కూసోవెట్టుకొని తీస్కపోతుండె. కడ్డీ గుచ్చుకుంటదని మా అమ్మ దానికి పాత చీర పేలిక చుట్టింది. నీలం చీర... కాదు కాదు, ఆకుపచ్చది. నీలంది మా చిన్నమ్మది. మా చిన్నమ్మ నీకు ఎర్కలేదు, మస్తు పాడేది, నాట్లేస్తుంటే పక్క మడిలోళ్లు గూడ పని ఆపి ఇనేటోళ్లు. సరే, గదెందుకు ఇప్పుడు.

ఇగ ఇంగ్లీషు. డాక్టరమ్మకు తెలుగు అంతంత మాత్రమే. రోగులు చెప్పేది ఆమెకు తెల్వది, ఆమె చెప్పేది ఈళ్లకు తెల్వది. నువ్వు నాలుగు మాటలు నేర్చుకో, నీళ్లు మోసుడు బంద్ చేసి నా పక్కన నిలవడుదువు, అన్నదట బాపుతోని. గా మాట పట్టుకున్నడు బాపు. దవాఖానల ఏది ఇన్నా తొవ్వ పొడుగూత గదే అంటుండె, నాతోని అనిపిస్తుండె. నేను డాక్టరమ్మను, బాపు రోగి. "వేర్ ఈజ్ ద పెయిన్?" అని నేనడగాలె. "పెయిన్ ఈజ్ ఇన్ మై స్టమక్ అమ్మా" అని బాపు రొప్పుకుంట, తొక్కుకుంట చెప్పాలె. రోజు కడుపునొప్పేనా నీకు, ఇంకోటి లేదా అని నేను కోప్పడితే, ఇయ్యాల కొత్త నొప్పి నేర్చుకొస్తనమ్మా అనేటోడు. ఎంత నవ్వుకునేటోళ్లమో!

కట్టు కట్టేటప్పుడు పిల్లలు బల్ల మీదికెల్లి దుంకవోతరు గద, డాక్టరమ్మ "డోంట్ గెట్ డౌన్" అంటదట. దిగొద్దని. గుంతలొచ్చి నేను భయంతోని దుంకవోతే బాపు నాతోని గదే అనేటోడు. "డోంట్ గెట్ డౌన్, బిడ్డా."

కానీ మేం రోజు దిగే జాగ ఒకటుండె. గడీ. దొర ఉండే పెద్ద బంగ్ల. మన వాడకట్టు నుంచి బయటికి పోవాలంటే దాని ముందల్నుంచే తొవ్వ. గడీ గోడ మొదలుకాంగనే బాపు సైకిల్ దిగేటోడు, నన్ను దించేటోడు, చెప్పులిడిసి చేతుల పట్టుకునేటోడు. గోడ అయిపోయేదాక తల వంచుకొని సైకిల్ నడిపించుకుంట పోవాలె. నేను ఎనుక ఎనుక. మనసొంటోళ్లు దొర ముందల ఎక్కి పోవద్దు, చెప్పులేసుకోవద్దు. గది కాయిదా.

నాకేం తెలుసు చిన్నపిల్లను? ఆ జాగల సైకిల్ నడవదేమో అనుకున్న. నిజం బిడ్డా. ఇసుకల బండి దిగవడ్తదే, గట్ల ఆ నేలల ఏదో ఉన్నదనుకున్న. ఒకనాడు దొర కొడుకు ఆన్నే గిరగిర తొక్కుతుంటె సూసిన. "బాపూ, ఆయన సైకిల్ ఎట్ల నడుస్తున్నది?" అన్న. బాపు తల ఇంకింత వంచి జల్ది జల్ది సైకిల్ నడిపించిండు. ఆనాడు నల్లగొండ వచ్చేదాక కడుపునొప్పి ఆట గూడ ఆడలె. నేనేం అనరాని మాట అన్ననో అని ఏడుపొచ్చింది నాకు.

గా తర్వాతనే నాకు కాల్ల తుమ్మముల్లు ఇరిగింది. మా అమ్మ పిన్నీసుతోని తీయవోయింది, ఇంకింత లోపలికి పోయింది. పాదం బూరె లెక్క వాసింది. జరం. నేల మీద ఆనిస్తే పానం పోయినట్టుండె. బాపు దవాఖానకు తీస్కపోతుండు. గడీ కాడ ఆయన దిగిండు, చెప్పులిడిసిండు. నన్ను మాత్రం దించలె. కడ్డీ మీదనే ఉంచి నడిపిస్తుండు. దర్వాజ కాడి జవాను లేసిండు. "ఏయ్, పిల్ల కూసునే ఉన్నదేందిరా? దించు!" అన్నడు. అరుగు మీద దొర చుట్ట తాగుకుంట సూస్తుండు.

దించితే నేను నడవలేను. దించకపోతే ఆయనను కట్టేసి కొడ్తరు. అప్పుడు గట్లనే ఉండె, అడిగే నాథుడు లేడు. బాపు అందరికి ఇనవడేటట్టు "దిగవే, దొర ముందల కూసుంటరా!" అని గద్దిచ్చిండు. నేను దిగవోయిన. గప్పుడు నా చెవుల మెల్లగ అన్నడు, "డోంట్ గెట్ డౌన్."

నేను కడ్డీని గట్టిగ పట్టుకున్న. "దిగవే!" అంటడు బయటికి. "డోంట్ గెట్ డౌన్, డోంట్ గెట్ డౌన్" అంటడు చెవుల. నేను బొబ్బ వెట్టిన సూడు, ఊరంత ఇనవడ్డట్టు! "ఏందిరా గొణుగుతున్నవ్?" అన్నడు జవాను. "డాక్టరమ్మ చెప్పిన మందు పేరయ్యా, మర్సిపోతనని అనుకుంటున్న" అన్నడు బాపు. సూసినవా ఆయన తెలివి! నా వాసిన కాలు సూపెట్టి, "మొండి పిల్ల దొరా, నా మాట ఇంటలేదు" అని దండం వెట్టిండు. దొరకు నా ఏడుపుతోని ఇసుగొచ్చిందో ఏమో, "పోనియ్‌రా, ఏం లొల్లి" అని చెయ్యి ఊపిండు.

గోడ దాటినంక బాపు వెంటనే ఎక్కలె. నా నెత్తి మీద గడ్డం ఆనిచ్చి నిలవడి ఏడ్చిండు. మా బాపు ఏడ్వంగ నేను సూసుడు గదే మొదలు.

ఈ మచ్చ గదే, సూడు. కాలు మానినంక మళ్ల రోజు దిగుడే, ఇద్దరం. అట్ల ఏండ్లు పోయినయ్. బాపు ఇంగ్లీషు నేర్చుకున్నడు, డాక్టరమ్మ పక్కన నిలవడ్డడు. అయినా గడీ ముందల దిగుడు తప్పలె.

ఇగ మిలట్రీ వచ్చింది, నైజాం సర్కారు పోయింది. దొర ఇంటిల్లిపాదితోని పట్నం పోయిండు. గడీ దర్వాజకు తాళం. తెల్లారి మేం బడికి పోతున్నం. పెద్దగైన గద, ఎనుక కూసున్న. గోడ మొదలైంది. జవాను లేడు, ఎవ్వరు లేరు. అయినా బాపు బ్రేకు పట్టిండు. కాలు కింద వెట్టిండు. వంగి చెప్పులు ఇడుస్తుండు. పుట్టిన కాడికెల్లి అలవాటు బిడ్డా, కాళ్లకు, పెయ్యికి తెల్వదు గద దొర పోయిండని. నా పానం ఉసూరుమన్నది. ఆయన అంగి పట్టుకొని అన్న, "బాపూ, డోంట్ గెట్ డౌన్."

ఎనుకకు మళ్లి నా దిక్కు సూసిండు. ఆ మొఖం ఇప్పటికి నా కండ్లల్లనే ఉన్నది. చెప్పు మళ్ల తొడుక్కున్నడు. తొక్కిండు బిడ్డా, గోడ పొడుగూత తొక్కిండు, గంట కొట్టుకుంట తొక్కిండు. తొవ్వల పిట్ట లేదు, ఎవలకోసం కొట్టిండో ఆ గంట...

ఆఁ... ఇగ సాలు. ఏడుస్తున్నవా ఏందే? పిచ్చిదానా. రేపు గీ ముచ్చట చెప్పు క్లాసుల. తప్పులొస్తే రానీ, నవ్వేటోళ్లు నవ్వనీ, నువ్వు నడుమల కూసోకు. సల్లగుండు తల్లీ, నీ నోట మాటకు ఎదురు లేకుంట బతుకు. బాపు నా చెవుల ఏమన్నడు? ఏదీ, నువ్వొక్కసారి అను. గట్టిగ అను, నేనింట.