నాన్నమ్మ భాష

బడి ఆఫీసు కిటికీ మూయడానికి పది నిమిషాలే ఉన్నాయి. బయట బెంచీ మీద తండ్రీ కూతురూ కూర్చున్నారు. ఫారంలో అదనపు సబ్జెక్టు గడి ఒక్కటే ఖాళీ.

"కంప్యూటరు అని రాసెయ్యమ్మా. రేపు పనికొస్తుంది."

"నాన్నమ్మ వాళ్ళ భాష రాస్తా నాన్నా. జాబితాలో చివర ఉంది."

"దాన్నెవరు తీసుకుంటారే!"

"నాన్నమ్మ మన మాటలన్నీ మర్చిపోయింది కదా. ఇప్పుడు ఆ భాషే మాట్లాడుతోంది. రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి ఏదో అడుగుతుంది. మనమేమో ఊరికే తలూపి లోపలికి తీసుకొస్తాం."

"నువ్వు నేర్చుకునేసరికి ఏడాది పడుతుంది తల్లీ. డాక్టరు అంత గడువివ్వలేదు."

"ఒక్క ముక్క అర్థమైనా చాలు. నీకసలు రాదా?"

"వచ్చేది. నీకంటే చిన్నప్పుడు. బడి గేటు దగ్గర అమ్మ నన్ను ఆ భాషలో పిలిస్తే పిల్లలంతా నవ్వారు. ఇంకెప్పుడూ నాతో అలా మాట్లాడొద్దని ఇంటికొచ్చి గోల చేశాను. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా మానేసింది."

"అయితే తను అడిగేది నీకు తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"ఏమంటుంది?"

"'మా అబ్బాయి బడి నుంచి వచ్చాడా' అంటుంది. నా వంకే చూసి అడుగుతుంది."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

లోపల గుమాస్తా కిటికీ రెక్క ఒకటి మూశాడు.

"నాన్నా, 'వచ్చాడు' అని ఆ భాషలో ఎలా అంటారు?"

"వింటే తెలుస్తుంది గానీ, నోటికే రావట్లేదమ్మా. రాయి. తొందరగా రాయి."