వెనక్కి పరుగు

1946, మాఘమాసం. విజయనగరానికి నాలుగు కోసుల దూరంలో ఒక జూట్ మిల్లు. దాని వెనక కూలీల లైన్లు. ఆదివారం మధ్యాహ్నం సోములు ఇంటి పంచలో అతని భార్య నీలవేణి గోంగూర వలుస్తోంది. ఆమె అన్న అప్పలస్వామి, మిల్లు రగ్బీ జట్టుకు కెప్టెను, వాకిట్లో నిలబడ్డాడు. ముందురోజే జట్టు రైల్వే జట్టు చేతిలో ఫైనలు ఓడిపోయింది.

"కూకో అన్నా. కూకోమంతన్నాను గదా."

"కూకోడానికి రానేదు నాను. ఆడేడీ?"

"లోపల తొంగున్నాడు."

"మజ్జానం పూటా? లెగమను."

"రాతిరంతా నిద్దర నేదు. భుజం వాసిపోనాది. పసుపు పట్టేసాను. నువ్వు అరిసి లేపకు."

"అరవకుండా ఎలాగుంతానే? సాయంత్రం క్లబ్బు షెడ్డు కాడ అందరూ కూకుంటారు. జట్టులోంచి ఆడి పేరు కొట్టీమంతన్నారు. అక్కడితో ఆగితే నాకేటి భయం? మిల్లు దొర నన్ను పిలిసి అడిగాడు, మీ సోములు కావాలని సేసాడా అని. రేపు పొద్దుట గేటు కాడ నాను జవాబు సెప్పాల. నాను సెప్పీ దాన్ని బట్టే ఆడి మగ్గం, ఈ ఇల్లూను."

"కావాలని ఎవుడు సేస్తాడన్నా?"

"అదే గదా అందరూ అడుగుతన్నారు! బంతి ఆడి సేతిలో ఉన్నాది. ముందర ఒక్క రైల్వేవోడు నేడు. సూటిగా పోయి ఆళ్ళ గీత దాటి నేలకి ఆన్చితే కప్పు మనది. ఈడేటి సేసాడు? గిర్రున తిరిగాడు. వెనక్కి! మన గీత మీదికే పరిగెట్టి, మన గీత ఎనకాలే ఆన్చీసాడు. ఆ తప్పుకి మన గీత కాడే బంతి కోసం కుమ్ములాట పెట్టారు, రైల్వేవోళ్ళు బంతితో గీత దాటి తోసుకొచ్చీసారు. కప్పు పోనాది. గెలిస్తే ఆడ్డానికి పంపుతానన్న కలకత్తా పోనాది."

"సెడుగుడు అలవాటన్నా. అంతే. సెడుగుడులో కూతకెల్లినోడు తిరిగొచ్చి సొంత గీత ముట్టుకుంటేనే గదా బతికినట్టు. ఆ గాబరాలో..."

"నాకే సెప్తావేటే సెడుగుడు? ఆ తప్పు దసరాలో సేసారంటే అర్థమున్నాది. దొర ఆ కోడిగుడ్డు బంతి తెచ్చి పడేసినప్పుడు ఎవుడికేటి తెలుసు? పోలీసోళ్ళతో తొలాట మరిసిపోయావా? నూకయ్య బంతి సంకలో పెట్టుకొని 'సెడుగుడు సెడుగుడు' అని కూతెట్టుకుంటూ పోనాడు. నలుగురు మీద పడితే కూత ఆపకుండా మన గీతకి పాకాడు. దొర నవ్వలేక టోపీ కింద పడగొట్టుకున్నాడు."

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? పట్టుకున్నోడి కాలు ఒగ్గనేదంట గదా. ఈల ఊది ఊది దొర బుగ్గలు నొప్పెట్టాయంట. ఇంటికొచ్చి మా మావ సెప్పి సెప్పి నవ్వీవోడు."

"కార్తీకం దాకా అంతే. ఆ తరవాత అందరికీ ఆట వొంటబట్టింది. సోములికి అందరికన్నా ముందు. పోర్టోళ్ళని గెలిసాం, అదే పోలీసోళ్ళని మళ్ళీ కూకోబెట్టాం. ఎవుడి కాళ్ళ మీద గెలిసాం? ఆడి కాళ్ళ మీద. అలాంటోడికి ఫైనల్లో సెడుగుడు గుర్తొచ్చిందంటే నమ్మీవోడెవుడే?"

"మరి ఏటనుకుంటన్నారు ఆళ్ళు?"

"ఒగ్గీ. నా నోటితో ఎందుకు."

"సెప్పు. లైన్లన్నీ అంతంటే నాకొక్కదానికీ తెలవొద్దా?"

"కుళ్ళంట."

"ఎవుడి మీద?"

"నా మీదే. కప్పొస్తే నన్ను నేతఖాతాకి మేస్త్రీని సేస్తానని దొర అన్నాడు గదా. బావ కింద మగ్గం నడపలేక సోములు ఆట సెడగొట్టాడంట."

"ఎవుడన్నాడు ఆ మాట? నూకయ్యేనా?"

"ఎవుడైతేనేం."

"నూకయ్యే! ఆడి పెళ్ళాం పురిటికి మా మంచం మోసుకుపోనాడు, ఇంతవరకూ తిరిగి తేనేదు. ఆ మంచం మీద కూకొని మా మావని అంతన్నాడా? నువ్వేటన్నావు?"

"నానేటంతాను..."

"ఏటీ అననేదు. నోరు మూసుకొని ఇన్నావు."

"ఇన్నాను. ఇని, ఒక దారి ఆలోసించుకొని వచ్చాను. బేగి ఒప్పుకోవాల మీరు. పొద్దెక్కువ నేదు."

"ఏటది?"

"తాగున్నానని సెప్పమను."

"ఏటీ?"

"మెల్లగా! తాగినోడికి దిక్కు తెలీదు గదా. దొర కూడా సాయంత్రమైతే సీసా తీసీవోడే, ఆడికి అర్థమవుతాది. జీతం కొంత కోస్తాడు, జట్టులోంచి తీసేస్తాడు, తిడతాడు. అంతే. మగ్గం ఉంటాది. ఇల్లుంటాది. కుళ్ళన్న మాట కూడా పోతాది."

"మా మావ తాగాడంటావు."

"అనమంతన్నాను. ఒక్క మాట."

"ఒక్క మాటే! మా మావ అయ్య సారా తాగి కాలవలో పడి సచ్చిపోతే, ఆ శవం కాడ మా అత్త కొడుకు సేత ఒట్టేయించుకున్నాది. మా పెళ్ళిలో నువ్వే గదా కల్లు ముంత అందించినావు? ముట్టుకున్నాడేటి? ఇప్పుడు రాజాంలో కూతురింట్లో ఉన్నాది అత్త. ఆ మాట అక్కడికి పోడానికి ఎంతసేపు? ఇన్నరోజునే మంచమెక్కుతాది."

"అత్తకి తరవాత నిజం సెప్పుకుందాం."

"ఏటి నిజం?"

"అదే. తాగనేదని."

"మరి ఎందుకు వెనక్కొచ్చాడో, అదీ సెప్తావా?"

"నాకేటి తెలుసు?"

"ఇటు సూడన్నా. గోంగూర కాడల్ని సూస్తావేటి? నన్ను సూడు."

"పొద్దు పోతన్నాదే, నీలా. ఆణ్ణి లేపు. నాను ఆడితోనే మాటాడతాను."

"ఆగు. నీకొకటి సెప్పాల. ఎవరికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు. నీకు కూడా సెప్పొద్దన్నాడు. కాని తోడబుట్టినోడివి, నీకు సెప్పుకోకపోతే నాకెవుడున్నాడు? మావకి సూపు నేదన్నా."

"గట్టిగా అనకే! పక్కింటి దాలమ్మ సెవులు గోడకే ఉంటాయి."

"పోర్టోళ్ళ ఆటలో బూటుకాలు కణత మీద తగిలింది సూడు, అప్పట్నుంచి. ఎడం కన్ను పూరా పోనాది. కుడిదాన్లో మంచు పట్టినట్టుంతాదంట. మనిషి కనబడతాడు గాని, మొఖం కనబడదు. పోగు తెగితే యేలితో తడుముకొని ముడేస్తన్నాడు. ఏ పొద్దు మగ్గం ఆ యేలు తీసుకుపోతాదో అని నాను..."

"సరే, సరే. అందుకే గదా అంతన్నాను. ఈ మాట బయటికి పొక్కితే మగ్గం కాడ ఒక్క పూట ఉంచరు. తాగాడన్నావనుకో..."

"అన్నా."

"ఏటి?"

"నాను సెప్పింది ఇన్నావా?"

"ఇన్నాను."

"నా మొగుడికి కళ్ళు పోనాయని సెప్పాను. నువ్వు అయ్యో అననేదు. నిజమేనా అని అడగనేదు. దాలమ్మ ఇంటాదన్నావు."

"అది కాదే..."

"నీకు తెలుసు."

"నీలా, ఇను..."

"ఎప్పట్నుంచి?"

"ఆడే సెప్పొద్దన్నాడు నాకు. నీకు తెలిస్తే గుండె పగులుతాదని."

"ఎప్పట్నుంచి అంతన్నాను!"

"పోర్టోళ్ళ ఆట అయిన వారానికి. బంతి ఇసిరితే ఆడి రొమ్ముకి తగిలింది. సెయ్యి పైకి లెగనేదు. నాకు తెలిసిపోనాది."

"తెలిసీ ఆడించావు."

"ఆడతానన్నాడే!"

"తెలిసీ ఆడించావు."

"నాను ఆపితే దొర ఎందుకని అడగడేటి? ఏటని సెప్పను? నువ్వనుకున్నట్టు ఒగ్గీనేదు నాను. బంతి ఇసరకుండా ఆడి సేతిలోనే పెట్టీవోణ్ణి. పక్కనే పరిగెడుతూ కేకేసీవోణ్ణి, 'సోములూ పదా, సోములూ పదా' అని. ఆ కేక ఎంటే పోయీవోడు. ఎంతమంది సూసారు, ఒక్కడికి అనుమానం రానేదు. ఆడి పరుగే అలాంటిది."

"గానుగెద్దుకి గంతలు కట్టి తిప్పినట్టు తిప్పావు."

"మాట మీరకు."

"కలకత్తాలో? అక్కడ రెండు నెల్లు ఆడాలన్నారు గదా, తెల్లోళ్ళ మీద? అక్కడా కేకలేసే ఆడించీవోడివా?"

"అక్కడికెళ్ళాక సూసుకుందామనుకున్నాను."

"రెండో కన్నూ పోనాక?"

"నోరు ముయ్యి! నా గురించే అనుకున్నాననుకుంటన్నావా? నాను మేస్త్రీనైతే ఆ ఖాతా నా సేతిలో ఉంతాది. ఆడికి సూపు నేదని పైకి సెప్పాల్సింది ఎవుడు? మేస్త్రీ. నాను సెప్పను. మగ్గం మార్చి ఏదో ఒక మూల కూకోబెట్టి బతికినన్నాళ్ళూ కాసుకుందును. ఇంకో మేస్త్రీ వచ్చాడనుకో, నెల తిరక్కుండా పట్టీస్తాడు. కప్పు ఒక్కటి రావాల, అంతే. దగ్గిరి దాకా వచ్చీసాం. నువ్వు పోగొట్టావు."

"నానా?"

"నిన్న నన్ను కాలడ్డెట్టి పడగొట్టారు. నేల మీంచే కేకేసాను, సోములూ పదా అని. అప్పుడే మన గీత ఎనకనుంచి నువ్వు 'మావా!' అని అరిసావు. ఆడు నీ గొంతు ఎంట తిరిగిపోనాడు. ఆడోళ్ళు ఒక్కరు రాని సోటికి, ఇన్ని ఆటలకి రానిదానివి నిన్నే ఎందుకొచ్చావే?"

"భయమేసి వచ్చాను."

"వచ్చి?"

"సూపు నేని మనిషి అంతమంది బూటుకాళ్ళ మజ్జిని ఉంటే, నాను ఇంటికాడ కూర వండుకోవాలా? రైల్వేవోళ్ళు ఇద్దరు పక్కనుంచి మీదికి ఉరికొచ్చారు. ఆడికి కనబడటం నేదని నాకు తెలుసు. నోరు దానంతటదే అరిసింది. ఆట ఎటు పోతాదో నాకేటి తెలుసు?"

"అయిపోనాది. నిన్ను అని ఏటి లాభం. అందుకే తాగాడందాం. నీ పేరూ రాదు, నా పేరూ రాదు."

"ఆడి పేరే వస్తాది."

"నీలా, కొంచెం మంచినీళ్ళియ్యి."

"మావా! లెగిసావేటి? గడప, గడప సూసుకో."

"తెలుసులే. గడప ఎక్కడికి పోతాది. ఏటి బావా, కూకోకుండా నిలబడే ఉన్నావు?"

"నువ్వు ఇన్నావా, సోములూ?"

"తడికె గోడే గదా. దాలమ్మకి ఇనబడితే నాకు ఇనబడదా? తాగున్నానని నాను సెప్పను బావా."

"మరేటి సెప్తావు? కుళ్ళు అని ఒప్పుకుంతావా?"

"కళ్ళు పోనాయని సెప్తాను. దొరకి నానే సెప్తాను. పురికొస పేనడానికి కళ్ళక్కర్నేదు, సేతులు సాలు. ఇస్తే ఆ పని ఇస్తాడు. నేదంటే మా అత్తోరి సేలో పార పట్టుకుంతాను."

"ఇల్లు ఖాళీ సెయ్యమంటే?"

"సేస్తాం."

"నా గతేటి? కళ్ళు నేనోణ్ణి తెలిసీ ఎందుకు ఆడించావని దొర నన్ను అడగడా?"

"నీ పేరు ఎత్తను."

"నానెత్తుతాను."

"నీలా!"

"నాను ఎత్తుతాను మావా. నువ్వూరుకో. ఈడు సెప్పిన దాన్లో ఒక్కటి నిజమున్నాది, కప్పు నా నోటి వల్లే పోనాది. అదీ సెప్తాను. సాయంత్రం నానే షెడ్డు కాడికి వస్తాను."

"ఆడదానివి నీ మాట ఎవుడింతాడే అక్కడ?"

"దీపం ఎంట తీసుకొస్తాను. నూకయ్య ముందు, అందరి ముందు ఎలిగించి, మా మావ కావాలని సెయ్యనేదు, నా గొంతుకి దారి తప్పాడు అని సెప్పి, అబద్ధమైతే మా ఇంటి దీపం ఇలాగే ఆరిపోవాలని దీపమార్పి ప్రమాణం సేస్తాను. దీపమార్పినాక ఎవుడు నమ్మడో సూస్తాను."

"అది మంచి మాటే, సోములూ. దీపమార్పితే నూకయ్య కూడా నోరెత్తడు. కుళ్ళన్న మాట అక్కడే సచ్చిపోతాది. నన్ను ఎత్తకుండా ఆ ఒక్కటీ సెయ్యమను."

"సూసావా మావా, ఈడు కూడా ఒప్పుకున్నాడు. ప్రమిద ఎక్కడ పెట్టాను..."

"దీపం జోలికెళ్ళకు నీలా."

"ఏఁ?"

"వద్దంతన్నాను. కూకో."

"నీ పేరు నిలబెట్టడానికే గదా మావా. నిజమే గదా సెప్తాను."

"నీ ఒడి ఇంకా నిండనేదు. అబద్ధానికి దీపమార్పకు."

"అబద్ధమేటి?"

"బావా, నువ్వూ ఇను. కలకత్తా అన్న రోజునే నాను ఆడలేనని సెప్పాలనుకున్నాను. నీ మొఖం కనబడదు గాని నీ గొంతులో ఆ మేస్త్రీ పని ఇనబడుతూనే ఉంతాది. నోరు రానేదు. కలకత్తాలో ఇంకో దెబ్బ తగిలి మిగిలిన ఈ మంచు కూడా పోతే నా ఇంటిదాని నీడ కూడా నాకు మిగలదు."

"అయితే? అది ఇప్పుడెందుకురా? నిన్న నువ్వు గొంతు పోల్చుకోలేకపోయావు, అంతే గదా?"

"ఇన్నాళ్ళుగా సెవులతోనే బతుకుతన్నాను బావా, నాకు గొంతులు పోల్చుకోడం రాదా? నీ కేక ముందర్నుంచి ఇనబడింది, దీని కేక వెనకనుంచి ఇనబడింది. ఏది ఏ గీతో తెలిసే తిరిగాను."