ఇరవై అయిదు, రెండు చుక్కలు, ఒకటి

హలో… ఆ, నేనే మామా, మధూనే. నా ఫోను నేను గాక ఇంకెవురెత్తుతారు?

ఏందీ… నిదానంగా చెప్పు. ఊపిరి పీల్చుకోని చెప్పు.

… నిలిచిపోయిందా? ఎట్ల నిలిచిపోయింది? పెట్రోలు అయిపోయి నిలిచేది వేరే, కిర్రుమని అరిచి నిలిచేది వేరే—

అరిచిందా.

సరి. సరి సరి. యాడుండావిప్పుడు?… తిరుత్తణిలోనే, కోదండరామన్న మామిడి తోటలో. ఎన్ని చెట్లకి మందు కొట్టినావు?… అరవైలో ఇరవై రెండు. మిగతా పూతంతా పురుగులకి విందన్నమాట.

ఆయన పక్కనే ఉండాడా? ఏమంటా ఉండాడు?… నువ్వు చెప్పనక్కర్లేదులే, తిరువళ్ళూరు దాకా వినపడతా ఉంది.

మామా, మొదట ఆ స్ప్రేయరు వీపు మీది నుంచి దించు… ఇంకా మోసుకోనే ఉండావా? దించు మామా! అదేమన్నా చంటిబిడ్డనా, జోకొడితే ఊరుకోను?

దించినావా. ఇప్పుడు స్టార్టు చేసే తాడు పట్టుకోని లాగు. గట్టిగా వొద్దు, మెల్లిగా… వస్తా ఉందా?… కొంచెం కూడానా?

… రాలేదు.

లేదు మామా, నేనేమీ అనలా. ఆలోచన చేస్తా ఉండా.

ప్లగ్గు విప్పు. స్పానరుండాదా?… కాలతా ఉంటే తువ్వాలుతో పట్టుకో. నేను లైన్లోనే ఉంటా.

విప్పతా విప్పతానే విను. మా పైన ఆఫీసరు రాజ్‌మోహన్ సారు ఆవడిలో ట్రైనెక్కినాడంట. ఇంకో ఇరవై నిమిషాల్లో ఈడ, మిషన్లిచ్చే సెంటర్లో నా ఎదురుగా కూచోని ఉంటాడు. ఒక మిషను నిలిచిందని చెప్పినానంటే ఒకటే అడుగుతాడు, కాల్చింది ఎవురని. కాల్చినోళ్ళ దగ్గర మిషను వెనక్కి లాక్కోమని ఆయన రూలు. నీకు మిషనిచ్చింది నా మాట మీద…

తెలుసులే, నీకు తెలుసని నాకు తెలుసు. నాకు నేనే చెప్పుకుంటా ఉండా.

ఆ, వచ్చిందా? కొస ఏం రంగుండాది?… తెల్లగానా. సున్నం కొట్టినట్ల… అంటే ఇంజను లోపల బాగా కాగింది. హుమ్.

సైలెన్సరు కూడా విప్పు. రెండే బోల్టులు… నన్ను స్పీకర్లో పెట్టి, ఫోను లైటేసి ఆ బొక్కలో చూడు. పిస్టన్ కనపడతాది, మెరస్తా ఉంటాది— ఆ, నమస్తే కోదండరామన్నా! నమస్తే! మీ పూత గురించే అన్నా మాట్లాడతా ఉండేది… సాయంత్రం లోపల ఏదో ఒకటి చేస్తాం అన్నా… ఏదో ఒకటంటే, ఏదో ఒకటే అన్నా.

స్పీకరు తీసెయ్ మామా. తీసినావా? ఏం కనపడింది?

గీతలా. నిలువుగా… పిల్లి గీరినట్ల.

మామా, పిస్టన్ పట్టేసింది. ఆయిలు చాలక పట్టేసింది. ఒట్టి పెట్రోలు పోసినావు కదా? నిజం చెప్పు, తిట్టను… అంటే తిడతా, కానీ తక్కువ తిడతా. బైక్‌కైతే ఆయిలుకి వేరే చోటుంటాది. దీనికి ఆ వసతి లేదు, పెట్రోల్లో మనం కలిపిన ఆయిలే దానికి దిక్కు. ట్రైనింగులో మూడుసార్లు చెప్పినా, నువ్వు ముందు వరసలో కూచోని ఆవలించినావు—

కలిపినావా?

ఏ ఆయిలు? బైక్‌ది పోసినావా?… నేనిచ్చిన డబ్బానే. టూటీ అని రాసుండేదే. సరి.

అయితే కంటి లెక్క. కన్ను మూసి కన్ను తెరిచేలోపల ఇంత పోసుంటావు— కాదా? కొలిచినావా? దేంతో?

… సెల్లమ్మత్త దగ్గు మందు మూతతో. గీతలుండే మూత.

పరవాలేదే! లీటరుకెంత పోసినావు?

…

మళ్ళా చెప్పు.

ఇరవై అయిదు. ఇరవై అయిదు ఎమ్మెల్… ప్రతి లీటరుకీ? ఒక్కసారి కూడా తప్పకుండా?… మిషనొచ్చినప్పటి నుంచీ, మూడు వారాలు.

ఇరవై అయిదని నీకెవురు చెప్పినారు?

నేనా? నేనెప్పుడు చెప్పినా—

స్టిక్కరు.

మామా, ట్యాంకు మీద స్టిక్కరుండాది కదా, దాంట్లో ఉండేది ఉండేటట్ల చదువు. అరవంలో కాదు, కింద అంకెలు… ఇరవై అయిదు. రెండు చుక్కలు. ఒకటి. ఆ రెండు చుక్కల్ని నువ్వేమనుకున్నావు?

… ఇరవై అయిదు ఎమ్మెల్, ఒక లీటరు.

లేదు మామా. నవ్వడం లేదు. నవ్వేదానికి ఏముంది ఇందులో.

చూడు. అది ఇరవై అయిదు పాళ్ళు పెట్రోలు, ఒక పాలు ఆయిలు అని. లీటరుని ఇరవై అయిదు వాటాలేస్తే ఒక్కో వాటా నలభై ఎమ్మెల్. నలభై పోయాల. నువ్వు ఇరవై అయిదే పోసినావు… ఆ, పదైదు తక్కువ. ప్రతి లీటరుకీ తక్కువ. ఎండలో, ఫుల్ రేజులో, మూడు వారాలు. ఇంజనే పాపం ఇన్నాళ్ళు ఓర్చుకుంది.

నువ్వు కాదు మామా, సరిగా రాయంది నేను. పాలిటెక్నిక్‌లో ఆ చుక్కలకి అర్థం ఎవురూ అడగలా. దగ్గు మందు మూత చేత్తో పట్టుకోని క్లాసుకొచ్చినోళ్ళు ఎవురూ లేరు కదా అక్కడ. ‘లీటరుకు నలభై’ అని రెండు మాటలు రాసుంటే అయిపోయేది. చోటు చాలదనుకున్నా. మూలలో పువ్వు బొమ్మకి మాత్రం చోటుండింది. దానికి లామినేషనొకటి! సారు చూసి సూపర్ అన్నాడు.

ఒక మాట చెప్పనా? నువ్వు ఎప్పటి మాదిరి కంటి లెక్కన సుమ్మా, కొలవకుండా పోసుంటే ఇంత తక్కువ పడేది కాదేమో. జన్మకి ఒక్కసారి నా మాట విని ఒళుంగా, సరిగ్గా కొలిచినావు, చూడు ఏమయిందో.

… ఏంది?

వొద్దు మామా. అట్ల చెప్పొద్దు సారుతో… ‘తొందర్లో ఆయిలు కలిపేది మర్చిపోయినా’ అనా? నువ్వెప్పుడు మర్చిపోయినావు?

నాకింకా పర్మనెంట్ కాలేదని నీకెవురు చెప్పినారు? అమ్మా?… ఆ. ఈ నెల కడాకి చెప్తానన్నాడు సారు… ఆ, నా పేరు మీద ఒక్క కంప్లైంటు కూడా లేదు. ఇప్పటి దాకా.

నీ మిషను పోతాది మామా… చేతి పంపుందిలే అంటావు. ఆ భుజంతోనా? పోయినేడు చెయ్యి ఎత్తలేకపోతే అత్త అన్నం కలిపి నోట్లో పెట్టింది, మర్చిపోయినావా?… నువ్వొప్పుకున్నా నేనొప్పుకోవాల కదా.

…



నిజం చెప్పనా. సరి అనేదానికి నోరు తెరిచినా. నువ్వు చెప్పు, నేను గమ్మునుంటా అనేదానికి. సుదర్శనం మామ మర్చిపోయినాడు, పెద్దాయన కదా సార్ అని… మాట గొంతు దాకా వచ్చేసింది.

కానీ పన్నెండు మామా.

మిషన్లు. పన్నెండు మిషన్లకి పన్నెండు స్టిక్కర్లు నా చేత్తోనే అంటించినా. నీది ఒకటి నిలిచింది. మిగతా పదకొండు ఇప్పుడు, ఈ నిమిషం, యాడో ఒక తోటలో తిరగతా ఉండాయి. మింజూరులో జయకుమార్ అన్న దగ్గరొకటి. ఆయనెట్ల కలపతాడో దేవుడికే తెలుసు, తప్పించుకున్నా తప్పించుకుంటాడు. తంగమ్మక్క ఉండాది చూడు, ఆమె నీకంటే కరెక్టు. ఇంజెక్షన్ సిరంజితో కొలస్తాది. ఆమెదే మొదట పోతాది మామా!

వాళ్ళకి ఫోన్ చేసి ఏమని చెప్పేది? ‘మా మామ ఆయిలు మర్చిపోయినాడు, అందుకని మీరు నలభై పోయండి’ అనా? ఎందుకని అడగరా?… రేపు చెప్తే రేపటికి ఎన్ని నిలిచిపోతాయో. ఆ పదకొండు మందీ నీ మాదిరి తప్పు తమ మీదేసుకునే మామలై ఉండాల, దానికి సరే అనే మేనకోడలొకతి ఉండాల—

… ఉండు. గేటు.

వచ్చేసినాడు. చెప్పులు విడస్తా ఉండాడు… పెట్టెయ్యొద్దు మామా, ఉండు. ఒక్క నిమిషం.

సార్. గుడ్ మార్నింగ్ సార్. కూచోండి— కాదు సార్, కూచోవద్దు. మిషన్లన్నీ ఇప్పుడే ఆపాల… స్టిక్కరు సార్. కొలత నేను తప్పుగా అర్థమయ్యేటట్ల రాసినా. చదివినోళ్ళందరూ ఆయిలు తక్కువ పోస్తా ఉంటారు. ఒక మిషను అప్పుడే పట్టేసింది…

సుదర్శనం మామది సార్. ఆ, మా మామే… లేదు సార్, ఆయన చేసిన తప్పేమీ లేదు. స్టిక్కర్లో ఉండేదే చేసినాడు. రాసింది నేను సార్.

లిస్టు ఇదిగో సార్. పై ఆరుగురికి మీరు చేయండి, కింద అయిదుగురికి నేను చేస్తా. మిషను ఆపమనండి, కలిపిన పెట్రోలు పక్కన పెట్టమనండి, లీటరుకు నలభై అని చెప్పండి. ఎమ్మెల్ అని చెప్పండి సార్, మర్చిపోవద్దు. తర్వాత నన్నెంతైనా తిట్టండి.

మామా? ఇంకా ఉండావా?… విన్నావా?

సారు కండ్లద్దాలు పెట్టుకోని లిస్టు చూస్తా ఉండాడు… తెలీదు మామా. నీ మిషన్ సంగతీ తెలీదు, నా సంగతీ తెలీదు. కోదండరామన్నకి నీడలో చోటు చూపించి కూచోబెట్టు.

  

పెట్టెయ్ మామా, లైను కావాల. తంగమ్మక్క ఈపాటికి ఇంకో లీటరు కలపతా ఉంటాది—